పేరు రాయని అచ్చు

పోయిన వారం మైనాన్ని ప్లాస్టరు గిన్నె ముందు నిలబెట్టి, మన దారిన మనం వచ్చేశాం. "పిల్లని అలా పని మధ్యలో వదిలేయడానికి మీకు మనసెలా ఒప్పింది?" అని కొందరు పాఠకురాళ్ళు ఉత్తరాల్లో నన్ను ఉతికి ఆరేశారు. ఒప్పుకుంటాను. కాని నాకిచ్చిన పేజీలు అయిపోతే నేను మాత్రం ఏం చేయను? కలం మూసి కూర్చోవాల్సిందే.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. మైనం ఆ అమ్మాయి అసలు పేరు కాదు. పళ్ళ సెట్లూ, క్యాపులూ తయారుచేసే ఒక చిన్న ల్యాబులో నాలుగేళ్ళుగా పని చేస్తోంది. ఆ ల్యాబు పెద్దాయన్ని వీధి వీధంతా పళ్ళ మాస్టారు అంటుంది. ఆయన నోట్లో సొంత పళ్ళు పన్నెండే మిగిలాయి, అది వేరే సంగతి. చేరిన వారంలోనే ఆయన ఈ పేరు పెట్టాడు. కోప్పడితే కరిగిపోతుందట, నిమిషంలో మళ్ళీ గట్టిపడుతుందట. మైనం ఉండేది అక్కాబావల ఇంట్లో. ఐదేళ్ళుగా ఆమె ఎవరికీ తెలియకుండా ఒక పని చేస్తోంది. ఇంట్లో ఒంటరిగా చిక్కినప్పుడు కడుపు పట్టనంత తింటుంది. తిన్నదంతా కక్కేస్తుంది. మొహం కడుక్కుని ఏమీ జరగనట్టు బయటికి వస్తుంది. మొన్న బ్రెడ్డు ముక్క కొరుకుతుంటే ముందు పన్ను అంచు విరిగింది. డాక్టరు దగ్గరికి వెళ్తే ఎందుకు, ఎలా అని అడుగుతారు. అందుకని అందరూ భోజనాలకి వెళ్ళిన వేళ తన నోటి అచ్చు తనే తీసుకుని, ప్లాస్టరు పోసి, అడుగున పెన్సిలుతో ఒక దొంగ నంబరు వేసింది. దాన్ని క్లినిక్కుల నుంచి వచ్చిన అచ్చులున్న ట్రేలో కలిపేసింది. క్యాపులు కూడా తనే చేసుకుని, తనే అతికించుకుందామని ఆ మహాతల్లి ఆలోచన.

ఆ ల్యాబులో పేర్లుండవు. వచ్చిన ప్రతి నోటికీ ఒక నంబరు, ఆ నంబరుకి ఒక స్లిప్పు. జడ్జిగారి పళ్ళయినా, జైల్లో వాడి పళ్ళయినా ట్రేలో పక్కపక్కనే కూర్చోవాలి. మైనం నమ్ముకున్నది ఈ పద్ధతినే. కాని ఇంకో పద్ధతి కూడా ఉంది, కంగారులో దాన్ని మరిచిపోయింది. పొద్దున్నే మొదటి టీ తాగుతూ మాస్టారు ప్రతి అచ్చునూ ఒకసారి చేతిలోకి తీసుకుంటాడు. కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, బొటనవేలితో పళ్ళ లోపలివైపు తడుముతాడు. కళ్ళు మోసపోతాయి కాని వేలు మోసపోదంటాడు.

ఆ పొద్దున మొదటి ట్రే అయింది. రెండో ట్రే అయింది. మూడో ట్రేలో నాలుగో అచ్చు దగ్గర బొటనవేలు ఆగింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి మళ్ళీ ముందుకు వచ్చింది. టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"మైనం, స్లిప్పులు తీసుకో. రాయి."

మైనం కుర్చీ జరుపుకుని కూర్చుంది. గుండె దడదడలాడుతోంది. ఈ మధ్య అది కారణం లేకుండానే దడదడలాడుతోంది, ఈరోజు కారణం కూడా దొరికింది.

"నంబరు నాలుగు వందల పదిహేడు. పై ముందు పళ్ళు ఆరు. బయటివైపు బాగున్నాయి. ఒకదాని అంచు విరిగింది. రాశావా? అసలు సంగతి లోపల ఉంది. అంగిలి వైపు పింగాణీ పొర పల్చబడిపోయింది. నున్నగా, కడిగేసినట్టు అరిగింది. నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళకి కొసలు అరుగుతాయి. ఇది అది కాదు. ఇక్కడ పులుపు లోపలి నుంచి వస్తోంది."

"ఎసిడిటీ అయ్యుండొచ్చు కదా మాస్టారూ?" గొంతు వీలైనంత మామూలుగా పెట్టి అడిగింది.

"అయ్యుండొచ్చు. తేల్చాల్సింది డాక్టర్లు, మనం కాదు. అందుకే 'కావచ్చు' అని రాయి. తరచుగా వాంతులు కావచ్చు. రాయమ్మా, ఆగిపోయావేం? కింద గీత గీసి ఇంకో మాట రాయి. పేషెంటుని తిట్టకండి. భయపెట్టకండి. ఇది జబ్బు. దీనికి చికిత్స ఉంది."

మైనం రాసింది. తన గురించి తన చేత్తోనే, గుండ్రటి అక్షరాలతో, ఒక్క తప్పు లేకుండా రాసింది. 'జబ్బు' అనే మాట దగ్గర మాత్రం కలం ఆగింది. ఐదేళ్ళలో ఆమె తనని తాను చాలా మాటలే తిట్టుకుంది. జబ్బు అనే మాట మాత్రం ఎప్పుడూ తట్టలేదు.

"ఏ క్లినిక్కు పంపింది?" మాస్టారు అడిగాడు.

"వంతెన పక్క క్లినిక్కండి."

"వాళ్ళా!" మాస్టారు అచ్చుని తిరగేసి, అడుగుభాగం వెలుతురులో పెట్టి చూశాడు. "ముప్పై ఏళ్ళ నుంచి ఎరుగుదును వాళ్ళని. వాళ్ళ దగ్గర్నుంచి అచ్చు వచ్చిందంటే గోడకి విసిరిన మట్టిగడ్డలా ఉంటుంది. ఇది చూడు. అంచులన్నీ సమానంగా చెక్కారు. మూలలు గుండ్రంగా తిప్పారు. అడుగున గరుకు కాగితంతో రుద్దారు కూడా. వాళ్ళకి ఇంత శ్రద్ధ ఎప్పుడొచ్చిందంటావు?"

మైనం స్లిప్పు మీదికి వంగి, రాసిన అక్షరాలనే మళ్ళీ దిద్దింది.

"నాలుగేళ్ళు చేయి పట్టుకుని నేర్పాను. ఈ చెక్కుడు ఎవరిదో నాకు తెలియదా తల్లీ?"

చూశారా మన పిల్ల చేసిన పని! దొంగతనంగా అచ్చు తీసుకుంది, దొంగ నంబరు వేసింది, దొంగచాటుగా ట్రేలో పెట్టింది. కాని మూల గరుకుగా ఉందని చేయి ఊరుకోలేదు. ఎవరూ చూడకుండా పదిహేను నిమిషాలు కూర్చుని దాన్ని నున్నగా తీర్చిదిద్దింది. పని రాని మనిషయ్యుంటే ఆ రోజు బయటపడేది కాదు.

ముందు కోపం వచ్చింది. భయపడ్డ మనిషికి చేతికి దగ్గరగా ఉండేది కోపమే. లేచి నిలబడింది.

"నా నోరు, నా ఇష్టం. జీతంలో కోసుకోండి ప్లాస్టరుకి. ఆ అచ్చు ఇలా ఇచ్చేయండి."

మాస్టారు ఇవ్వలేదు. అరవనూ లేదు. అచ్చుని రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇస్తాలే. నీదే కదా. ముందు నేనొక మాట చెప్తా, విని తర్వాత తిట్టు. మనది నోళ్ళు బాగుచేసే పని, నోరు తెరిచే పని కాదని ముప్పై ఏళ్ళు అనుకున్నాను. పదేళ్ళ కిందట ఇలాంటి అచ్చే వచ్చింది. ఇదే వేలికి ఇదే అరుగుదల తగిలింది. మనకెందుకొచ్చిన గొడవలే అని అచ్చులో అరిగినచోట మైనపు ముద్ద నింపేసి, ముత్యాల్లాంటి క్యాపులు చేసి పంపాను. ఆ అచ్చు పంపిన పళ్ళ డాక్టరమ్మ మెచ్చుకుంది కూడా. రెండేళ్ళకి అదే నోరు మళ్ళీ వచ్చింది. ఈసారి వెనక పళ్ళు కూడా పోయాయి. అప్పుడు వెళ్ళి చెప్పాను. ఆవిడ ఏమందో తెలుసా? 'నేను చిన్న అద్దంతో ఐదు నిమిషాలు చూస్తాను మాస్టారూ. మీరు వారం రోజులు చేతిలో పెట్టుకుని తిప్పుతారు. అప్పుడే ఎందుకు చెప్పలేదు?' అంది."

"ఆ పేషెంటు...?" మైనం మెల్లిగా అడిగింది.

"బతికి బంగారంలా ఉంది. ఏడాదిన్నర చికిత్స చేయించుకుంది. పోయిన ఏడాది ఇక్కడికే వచ్చి, నువ్వు కూర్చున్న ఆ కుర్చీలోనే కూర్చుని, పళ్ళు బయటపెట్టి నవ్వి చూపించింది. కాని నేను నోరు మూసుకున్న రెండేళ్ళున్నాయే, అవి ఆ అమ్మాయివి. నేను తిరిగి ఇవ్వలేను. నీ విషయంలో మాత్రం ఒక్క రోజు కూడా మూసుకోను. కావాలంటే పని మానేసి పో, ఇది జబ్బేనన్న మాట చెప్పే పంపిస్తాను."

మైనం కూర్చుంది. కూర్చున్నాక ఏడుపొచ్చింది. పక్క గదిలో పాలిష్ మిషను తిరుగుతోంది కాబట్టి సరిపోయింది, లేకపోతే వీధంతా వినేది. మాస్టారు ఓదార్చడానికి లేవలేదు. జేబురుమాలు కోసం వెతికి, దొరక్క, అచ్చులు తుడిచే శుభ్రమైన గుడ్డ ఒకటి ముందుకు తోశాడు.

"నాకు బుద్ధి లేదు మాస్టారూ," అంది ముక్కు తుడుచుకుంటూ. "ఉత్త తిండిపోతుని. ఇంకేం లేదు."

"తిండిపోతు ఎలా ఉంటాడో నాకు తెలుసు. మా తమ్ముడున్నాడుగా! వాడు తింటాడు, తేన్చుతాడు, గురకపెట్టి పడుకుంటాడు. తిన్నందుకు వాడు ఏనాడూ ఏడవలేదు, మేమే ఏడుస్తాం. నీది అది కాదు."

ఏడుపు మధ్యలోనే ఆమెకి నవ్వొచ్చింది. నవ్వొచ్చాక మాటలు కూడా వచ్చాయి. ఐదేళ్ళ మాటలు, ఒక వరస లేకుండా వచ్చాయి. పొద్దున ఏమీ తినదు. మధ్యాహ్నం డబ్బా తెచ్చుకున్నట్టు నటించి, మూత తీసి, మూత పెడుతుంది. సాయంత్రం ఇంటికి చేరేసరికి అక్క ఇంకా డ్యూటీ నుంచి రాదు, బావ ఇంకా ఆలస్యంగా వస్తాడు. అప్పుడు వంటింటి అలమరలో బ్రెడ్డు కనిపిస్తుంది. ఒక ముక్కే అనుకుంటుంది. ఆ తర్వాత తింటున్నది తను కాదన్నట్టు ఉంటుంది. బ్రెడ్డు, బిస్కెట్లు, ఉడకబెట్టి పెట్టిన గుడ్లు, పాలు, ఏది దొరికితే అది, రుచి కూడా తెలియదు. చేతులు ఆగవు. ఆ తర్వాత బాత్రూం. అక్కడి నుంచి బయటికి వచ్చాక ఓ ఐదు నిమిషాలు తేలిగ్గా ఉంటుంది. ఆరో నిమిషం నుంచి అసహ్యం. రేపట్నుంచి ముద్ద ముట్టనని ఒట్టు. రేపు సాయంత్రం మళ్ళీ అదే.

"బయటికి ఏమీ తెలియదండి. లావు కాలేదు, సన్నబడలేదు. జబ్బయితే మనిషి చిక్కిపోవాలి కదా?"

"అక్కర్లేదట. నన్నూ అదే మోసం చేసింది. ఈ జబ్బున్నవాళ్ళు చాలామంది చూడ్డానికి నీలాగే మామూలుగా ఉంటారట. దీన్ని బులీమియా అంటారని ఆ డాక్టరమ్మే చెప్పింది. మొదలయ్యేది తినడంతో కాదట, తినకపోవడంతోనట. పొద్దంతా ఆకలిని కట్టేస్తావు, సాయంత్రానికి అది తాడు తెంపుకుంటుంది. దానికి నువ్వు బుద్ధి లేదని పేరు పెట్టుకున్నావు." మాస్టారు అచ్చుని బల్ల మీద పెట్టాడు. "అది సరే. వాంతి అయ్యాక ఏం చేస్తావు?"

"వెంటనే గట్టిగా బ్రష్ చేసుకుంటానండి. వాసన రాకూడదని."

మాస్టారు తల పట్టుకున్నాడు. పళ్ళ ల్యాబులో నాలుగేళ్ళు పనిచేసిన పిల్ల నోట ఆ మాట విని ఆయనకి అప్పుడు నిజంగా కోపమొచ్చింది.

"పులుపుకి మెత్తబడ్డ పన్ను మీద బ్రష్ పెట్టి తోముతావా? రంపం పెట్టి కోసుకున్నట్టేగా! నీళ్ళు పుక్కిలించి వదిలెయ్యాలి. ఇన్నాళ్ళూ నీకు నేర్పిందేంటి, గోడకి చెప్పుకున్నానా?"

"సారీ మాస్టారూ," అంది మైనం చేతులు కట్టుకుని. ఆ తిట్టు ఆమెకి ఎంతో హాయిగా అనిపించింది. జాలి చూపించి ఉంటే ఎలా తట్టుకునేదో తెలియదు కాని, పని తప్పినందుకు తిడితే మాత్రం ఎలా నిలబడాలో ఆమెకి బాగా తెలుసు.

"కళ్ళు తిరుగుతున్నాయా? గుండె అదరడం లాంటిది ఏమైనా?"

"నిన్న మెట్లెక్కుతుంటే కాసేపు ఏదో కొట్టుకుని ఆగినట్టయింది. కూర్చుంటే తగ్గింది."

మాస్టారు లేచి ఫోను దగ్గరికి వెళ్ళాడు. ఫోను పైన గోడ మీద పెన్సిలుతో రాసిన ఒక నంబరు ఉంది. పేరు లేదు. మైనం ఆ నంబరుని నాలుగేళ్ళుగా చూస్తోంది, ప్లాస్టరు అమ్మేవాడిది కాబోలు అనుకుంది.

"పెద్దాసుపత్రిలో తిండి జబ్బులు చూసే డాక్టరమ్మ నంబరిది. నేను మాట్లాడనా, నువ్వు మాట్లాడతావా?"

"మీరే మాట్లాడండి."

మాస్టారు నంబరు నొక్కి, అవతల మోగుతుండగా ఫోను ఆమె చేతిలో పెట్టేశాడు. పెద్దవాళ్ళ మోసాల్లో ఇదొకటి.

అవతల ఎవరో ఆడమనిషి. తొందర లేని గొంతు. మైనం తడబడుతూ, "ఒక పేషెంటు గురించి అడగాలండి," అంది.

"అడగమ్మా. మీ ఇంట్లోవాళ్ళ గురించా? మీ గురించా?"

ఎంత చిన్న ప్రశ్న! ఇంతకాలం ఎవరూ అడగలేదు. ఆమె అడగనివ్వలేదు కూడా. ఇప్పుడు కూడా ఫోను పెట్టేయొచ్చు. దొంగ నంబరు వేసినంత తేలికగా, 'మా ఫ్రెండు గురించి' అనేయొచ్చు. మైనం బల్ల మీదున్న స్లిప్పు వంక చూసింది. తన చేతిరాతే.

"నా గురించేనండి."

అవతలి గొంతు ఉలిక్కిపడలేదు, అయ్యో అనలేదు. నిదానంగా నాలుగు ప్రశ్నలు అడిగింది. గుండె సంగతి చెప్పగానే, "వచ్చే వారం వద్దు, ఈరోజే రండి," అంది. "రక్తపరీక్ష చేయించాలి. వాంతుల వల్ల ఒంట్లో లవణాలు పడిపోతే గుండె మీద పడుతుంది. కంగారు పడాల్సిందేమీ లేదు, కాని నిర్లక్ష్యం చేయకూడదు. మూడింటికి డాక్టరుగారు కూర్చుంటారు. ఒక్కరే రాకండమ్మా, ఇంట్లోవాళ్ళని ఎవరినైనా తీసుకురండి. తర్వాత ఇంట్లోనే కదా తినాలి, వాళ్ళకీ తెలియాలి."

ఫోను పెట్టాక మాస్టారు కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "నేనొస్తా పద."

"మీరు రండి మాస్టారూ. కాని ఇంట్లోవాళ్ళని రమ్మన్నారు." మైనం పెదవి కొరుక్కుంది. "మా ఇంట్లో ఇంకో గొడవుంది. ఏడాదిగా వంటింట్లో సరుకులు మాయమవుతున్నాయని అక్క బావని అనుమానిస్తోంది. దొంగపిల్లి అంటుంది, అడ్డమైన తిండి అంటుంది. బావ నోరెత్తడు. ఆయన పడ్డ తిట్లన్నీ నావే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"ఉన్న మొహం పెట్టుకునే చెప్పు. ఇంకోటి నేను చేసివ్వలేను, పళ్ళ వరకే నా పని."

అక్క బస్టాండులో టికెట్ల కిటికీ దగ్గర పని చేస్తుంది. పదకొండేళ్ళుగా ఆ కిటికీలోంచి లైను చివరిదాకా వినబడేలా మాట్లాడి మాట్లాడి, ఇంట్లో ఉప్పు అడిగినా వీధికి వినబడుతుంది. ఫోనెత్తగానే, "లైన్లో జనం ఉన్నారే, తొందరగా చెప్పు!" అంది.

తొందరగా చెప్పమంటేనే నయమైంది. మైనం తొందరగా చెప్పేసింది.

"అక్కా, వంటింట్లో దొంగ బావ కాదు, నేను. తినేసి కక్కేస్తున్నాను. ఐదేళ్ళ నుంచి. అది జబ్బట. ఈరోజు ఆసుపత్రికి వెళ్తున్నాను. నువ్వు రావాలి."

అవతల బస్సుల హారన్లు, ఎవరో ఏదో ఊరికి టికెట్టు అడుగుతున్న గొంతు వినిపించాయి. తర్వాత కిటికీ రెక్క కిందికి దించిన చప్పుడు వచ్చింది. పదకొండేళ్ళలో ఆ కిటికీ వేళ కాకుండా మూయడం అదే మొదలు.

"ఏ ఆసుపత్రి?" అంది అక్క. ఆ రెండు మాటలే చాలా మెల్లిగా అంది.

మూడింటికి ముందే రక్తం తీశారు. మోచేతి మడతలో దూది నొక్కుకుని మైనం రెండో అంతస్తు వరండాలో బల్ల మీద కూర్చుంది. మాస్టారు పక్కనే కూర్చుని, ఎదురుగా ఉన్న వాళ్ళ నోళ్ళని వరసగా పరీక్షిస్తున్నాడు. "ఆ నీలం చొక్కా ఆయనది సెట్టే. ఎవడు చేశాడో, పైవరస వదులుగా ఉంది," అని గుసగుసలాడాడు. మైనం నవ్వు ఆపుకుంటుండగా మెట్ల మీద అక్క కనిపించింది. అక్కని చూడగానే మాస్టారు లేచి, తన చోటు చూపించాడు.

"కూర్చోమ్మా. మీ చెల్లెలు నా దగ్గర అందరికంటే పనిమంతురాలు. రేపు సెలవు తీసుకోమనండి, ఎల్లుండి మాత్రం రావాలి. తనకి క్యాపులు తర్వాత, డాక్టరు సరేనన్నాక నేనే చేస్తాను," అని చెప్పి, నీలం చొక్కా ఆయన వంక చివరిసారి చూసి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అక్కాచెల్లెళ్ళిద్దరూ బల్ల మీద మిగిలారు. అక్క తిడుతుందనుకుంది. ఏడుస్తుందనుకుంది. అక్క ఏదీ చేయలేదు. మైనం మోచేతి దగ్గర జారిపోతున్న దూదిని తీసి, మళ్ళీ సరిగ్గా పెట్టి, దాని మీద వేలు ఆనించింది.

"ఎప్పుడు మొదలైందే?"

"నీ పెళ్ళప్పుడు. ఫొటోలు తీసేటప్పుడు పిన్ని ఏమందో గుర్తుందా? పెళ్ళికూతురు తీగలా ఉంది, చెల్లెలు కుండలా ఉంది అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాటి నుంచి తిండి మానేశాను. నీలా అవుదామని."

"నవ్వినవాళ్ళలో నేను కూడా ఉన్నానే," అంది అక్క. కాసేపటికి మళ్ళీ, "మీ బావ గురించి బాధపడకు. దొంగ ఆయన కాదని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. నిన్ను అనలేక ఆయన్ని అన్నాను, నీకు వినబడాలని. ఏమన్నా కిక్కురుమనకుండా పడి ఉండమని ఆయనకి ముందే చెప్పాను."

మైనం నోరు తెరుచుకుని చూసింది. ఏడాది పాటు బావ ప్లేటులోకి తల వంచుకుని తిన్న తిట్లన్నీ కళ్ళముందు కదిలాయి. పిచ్చి మనిషి, అనుకుంది. అంతలోనే ఆయనంటే చెప్పలేనంత ప్రేమ కలిగింది.

"ఏడాది నుంచి తెలుసా నీకు? మరి నన్ను ఎందుకు అడగలేదక్కా?"

"అడగలేకపోయాను."

"ఎందుకు?"

"అడిగితే నువ్వు తిరిగి అడుగుతావు కదా, నీకెలా తెలుసని."

వరండాలో ఎవరి పేరో పిలిచారు. ఎవరో లేచి వెళ్ళారు. మైనం అక్క మొహంలోకి చూసింది. రోజూ చూసే మొహమే. చెవుల కింద దవడల దగ్గర ఎప్పుడూ ఉండే ఆ చిన్న వాపు. చల్లటి నీళ్ళు తాగేటప్పుడు ఎప్పుడూ ముడుచుకునే ఆ కళ్ళు. నాలుగేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ నోళ్ళన్నీ చేతిలో పెట్టుకుని చూస్తున్న మనిషి, ఇంట్లో ఎదురుగా కూర్చుని తినే మనిషి నోట్లోకి ఒక్కసారీ చూడలేదు.

"ఎలా తెలుసక్కా?"

అక్క వేలు ఇంకా దూది మీదే ఉంది. "తీగలా ఉన్నానని అందరూ మురిసిపోయారు. ఆ తీగ ఎలా తయారైందో ఒక్కరూ అడగలేదే," అంది.

"ఇప్పుడు మానేశావుగా? అక్కా, ఎప్పుడో మానేశావు కదా?"

అక్క జవాబు చెప్పేలోగా ఎదురుగా తలుపు తెరుచుకుంది. కళ్ళజోడు పైకి తోసుకుంటూ, చేతిలో రక్తపరీక్ష కాగితంతో డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చింది. బల్ల మీద పక్కపక్కనే కూర్చున్న ఇద్దరినీ చూసింది.

"రండమ్మా. ఇద్దరిలో పేషెంటెవరు?"

మైనం చేయి పైకెత్తింది. లేవబోతూ పక్కకి తిరిగి చూసేసరికి, అక్క చేయి కూడా పైకి లేచి ఉంది.